పైకప్పు లేని బండిలో పాట



తెలుగు పండితునిగా ముప్పయ్యేళ్ళకు పైగా పాఠాలు చెప్పినవాణ్ణి. ‘ధ్వని’ అన్న మాట చెవిన పడగానే నాకు ఆనందవర్ధనుడు, ఆయన ధ్వన్యాలోకం గుర్తుకు రావాలి. ఇంతకుముందు వచ్చేవి కూడా. గత వేసవి నుండి మాత్రం ఆ మాట వింటే మొదట గుర్తుకు వస్తున్నవి మా చిన్నవాడి బండిలోని స్పీకర్లు. ఇందులో వ్యంగ్యార్థమేమీ లేదు, వట్టి వాచ్యార్థమే. ఈ టపా ఆ స్పీకర్లను గురించీ, వాటి వెనుకనున్న తొంభై ఏళ్ళకు పైబడిన చరిత్రను గురించీ. సాహిత్యం కోసం వచ్చినవారు కాస్త ఓపిక పట్టండి. చుట్టుతిరిగి మల్లినాథసూరి దగ్గరకే చేరుకుంటాం.

మా చిన్నవాడు మహీంద్రా వారి థార్ బండి ఒకటి, ఒకరు వాడినది, కొన్నాడు. 2020 అక్టోబరులో విడుదలైన నమూనా అది. పైన గుడ్డ కప్పు. దానిని మడిచి వెనక్కు త్రోసివేస్తే ఇక ఆకాశమే కప్పు. ముందు భాగంలో ఏడంగుళాల తెర ఉన్నది, దానినే హెడ్ యూనిట్ అంటారు. స్పీకర్లు మామూలు కార్లలో వలె తలుపులలో కాక, తల పైన కమ్మీకి బిగించబడి ఉన్నాయి. కప్పు మూసి ఉన్నంతసేపు పాట బాగానే వినపడేది. కప్పు తీసి, వేగం అరవై దాటిందంటే ఘంటసాల గొంతు గాలిలో కలిసిపోయేది. చరణంలో అచ్చులు వినిపించేవి, హల్లులు వినిపించేవి కావు. తెలుగు మాష్టారి చెవికి అంతకంటే హింస వేరే ఏముంటుంది!

వాడు ఒక దుకాణానికి తీసుకుపోయాడు. అక్కడి కుర్రవాడు బండిని ఒక్కసారి చుట్టి చూసి, “ఈ కంపెనీ సిస్టమ్ పీకేద్దాం సార్. పెద్ద స్క్రీన్ వేసి, వైరింగంతా కొత్తది లాగేస్తాం. సాయంత్రానికి బండి మీ చేతిలో ఉంటుంది” అన్నాడు. మావాడు తల ఊపబోతున్నాడు.

“ఒరే, ఒక్క వారం ఆగరా” అన్నాను.

ఎందుకన్నానో సందర్భం వచ్చినప్పుడు చెబుతాను. ఆ వారం మూడు నెలలయింది. ఆ మూడు నెలలలో చదివినదీ, అడిగి తెలుసుకున్నదీ, చేతితో చేయించినదీ ఇక్కడ వ్రాసి పెడుతున్నాను.

* * *

మొదట తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉన్నది. కారు పుట్టినప్పుడు దానికి కప్పు లేదు. గుర్రపు బగ్గీకి గుర్రాన్ని తీసివేసి ఇంజను పెట్టినట్లే ఉండేవి తొలినాటి వాహనాలు. అమెరికాలో 1919 ప్రాంతాన తయారైన కార్లలో పదింట తొమ్మిది వంతులు తెరపి బండ్లే. 1920వ దశకంలో హడ్సన్ కంపెనీవారు ఎసెక్స్ అనే మూసిన కారును తెరపి కారుతో దాదాపు సమానమైన ధరకు అమ్మడంతో గాలి తిరిగింది. ఆ దశకం చివరకు లెక్క తారుమారై, అధికభాగం మూసిన కార్లే అయినాయి.

సరిగ్గా ఆ మార్పు పూర్తి అయిన తరుణంలో కారు రేడియో రంగం మీదకు వచ్చింది. ఇది కాకతాళీయం కాదని నా అభిప్రాయం. నాలుగు గోడల మధ్య కూర్చుంటేనే పాట వినాలనే కోరిక పుడుతుంది, వినడానికీ వీలవుతుంది. అంటే కారు సంగీతం పుట్టుకతోనే గదిలోని బిడ్డ. తెరపి బండికి అది సవతి బిడ్డ. ఈ మాట మనసులో ఉంచుకుంటే తరువాతి చరిత్ర అంతా సులభంగా అర్థమవుతుంది.

షికాగోలో పాల్ గాల్విన్, జోసెఫ్ గాల్విన్ అనే అన్నదమ్ములు 1928లో ఒక చిన్న సంస్థను స్థాపించారు. ఇళ్ళలోని రేడియోలు బ్యాటరీతో పని లేకుండా కరెంటు మీద నడిచేందుకు కావలసిన పరికరం వారి తొలి సరుకు. ఆ సరుకుకు కాలం చెల్లిపోతూ ఉండగా వారి దృష్టి కారు మీద పడింది. విలియం లియర్, ఎల్మర్ వేవరింగ్ అనే యువకులు తోడయినారు. 1930లో స్టూడిబేకర్ కారులో ఒక రేడియో బిగించి, అట్లాంటిక్ సిటీలో జరుగుతున్న రేడియో తయారీదారుల సమావేశానికి నడుపుకుంటూ పోయారు. లోపల దుకాణం పెట్టే స్తోమత లేదు. కనుక కారును బయటనే నిలిపి, రేడియోను పెద్దగా మ్రోగించి, దారిన పోయేవారిని పిలిచి వినిపించారు. ఆర్డర్లు వచ్చాయి. మోటారుకు ‘ఓలా’ చేర్చి ఆ రేడియోకు మోటరోలా అని పేరు పెట్టారు. 1947లో ఆ పేరే సంస్థకూ పేరయింది. మన చేతిలోకి సెల్‌ఫోనుగా వచ్చిన మోటరోలా ఇదే.

ఆ రేడియో ఖరీదు, బిగింపుతో కలిపి, నూటపది డాలర్లకు పైమాటే. ఆరేడు వందల డాలర్లకు కొత్త కారే వచ్చే రోజులవి! బిగించడం కూడా పెద్ద యజ్ఞం. పెట్టె ఒకచోట, స్పీకరు ఒకచోట, బ్యాటరీలు నేల పలకల క్రింద. ఇంజనులోని స్పార్క్ ప్లగ్గులు పుట్టించే చిటపటలు పాటలో దూరకుండా ప్రతి ప్లగ్గుకూ నిరోధకం తగిలించాలి.

ఇక్కడొక చిన్న సాంకేతిక విశేషం చెప్పకుండా ముందుకు పోలేను, కథ చివరలో దానితో పని పడుతుంది. ఆనాటి వాల్వులకు వందకు పైబడిన వోల్టులు కావాలి. కారు బ్యాటరీ ఇచ్చేది ఆరు వోల్టులు. మొదట్లో వేరే బ్యాటరీల వరుస పెట్టేవారు. కొద్ది ఏళ్ళలోనే వైబ్రేటర్ అనే ఉపాయం వచ్చింది. ఒక సన్నని లోహపు నాలుక సెకనుకు వందసార్లకు పైగా కొట్టుకుంటూ, బ్యాటరీ ప్రవాహాన్ని ముక్కలు ముక్కలు చేస్తుంది. ముక్కలైన ప్రవాహం ట్రాన్స్‌ఫార్మరు గుండా పోయి పెద్ద వోల్టేజిగా బయటకు వస్తుంది. పాత కారు రేడియో వేయగానే తుమ్మెద ఝుంకారం వంటిది వినపడేదంటే, అది ఆ నాలుక చప్పుడు.

* * *

ఇక మన నేలకు వద్దాం. మనకు తెరపి బండి అంటే జీపు. రెండవ ప్రపంచయుద్ధం కోసం 1941 నుండి తయారైన విల్లీస్ జీపును, 1940ల చివర నుండి మహీంద్రా వారు మన దేశంలో కూర్చి అమ్మసాగారు. దానిలో రేడియో అన్న ఊహే లేదు. ఆ మాటకు వస్తే కార్లలోనూ లేదు. అంబాసిడరు గాని, ప్రీమియర్ పద్మిని గాని కొన్నవాడు ఆసక్తి ఉంటే బయట బిగించుకోవలసిందే. రేడియోకు లైసెన్సు తీసుకుని, పోస్టాఫీసులో ఏటా రుసుము కట్టే పద్ధతి 1980ల మధ్యదాకా ఉన్నదని నా వయసువారికి గుర్తుండే ఉంటుంది.

మరి మన జీపులో శబ్దమే లేదా? ఉన్నది, కొండంత ఉన్నది. అయితే అది లోపలివారి కోసం కాదు, బయటివారి కోసం. సినిమా మారితే జీపు పైన రెండు హారన్లు కట్టి, కరపత్రాలు విసురుతూ ఊరంతా తిరిగేవారు. ఎన్నికలు, బుర్రకథలు, తిరునాళ్ళు, కుటుంబనియంత్రణ ప్రచారం, అన్నింటికీ అదే జీపు, అవే హారన్లు. 1982లో తెలుగుదేశం పార్టీని స్థాపించిన నందమూరి తారక రామారావు ఒక షెవ్రొలే వాహనాన్ని మార్పించి ‘చైతన్యరథం’ అని పేరు పెట్టి, దాని మీద నిలబడి మాట్లాడుతూ రాష్ట్రమంతా తిరిగినప్పుడు, ఆ వాహనమే ఒక గొంతు అయింది. అమెరికాలో కారు రేడియో లోకం చప్పుడును లోపలకు తెస్తే, మన జీపు లోపలి చప్పుడును లోకానికి పంచింది. తెరపి బండిలో కూర్చున్నవాడు తన కోసం పాట వినడం మన దేశంలో నిన్నమొన్నటి ముచ్చట.

ఈ విద్యలో నాకు గురువు మా బావగారు. మా అక్కయ్య భర్త. తెనాలిలో ఆయనకు మైకుసెట్టు దుకాణం ఉండేది. ఇప్పుడు డెబ్బైయారేళ్ళు. దుకాణం ఎత్తివేసి చాలా కాలమయింది. హారను ప్రక్కనే కూర్చుని ముప్పయ్యేళ్ళు జీపులలో తిరిగిన ఫలితంగా ఆయన కుడిచెవి దాదాపు పోయింది. ఎడమచెవి మిగిలింది. థార్ సంగతి చెప్పి సలహా అడిగితే నవ్వి, “ఏమోయ్ మాష్టారూ, పద్యం వినపడకపోతే పిల్లాడి గొంతు పెంచుతావా, కిటికీ మూస్తావా?” అన్నారు.

“బావగారూ, ఇక్కడ కిటికీయే లేదు కదండీ” అన్నాను.

“అయితే ముందు గొంతు మార్చు. కరెంటు తరువాత పెంచుదువుగాని.”

ఆ మాట ఎంత శాస్త్రీయమో తరువాత చదివితే తెలిసింది. మామూలు స్పీకరు తనకిచ్చిన విద్యుత్తులో నూటికి ఒక వంతు మాత్రమే, ఇంచుమించుగా, శబ్దంగా మారుస్తుంది. మిగిలినదంతా వేడి. హారను అదే పనిని దానికంటే పది రెట్లకు పైగా సమర్థంగా చేస్తుంది. అందుకే చిన్న బ్యాటరీ, చిన్న ఆంప్లిఫైయరుతో ఊరంతా వినిపించగలిగేవారు. దానికి మూల్యం మంద్రస్వరం. హారనులో మృదంగం ఎడమవైపు పలకదు. మాటకు అది చాలు, పాటకు చాలదు.

* * *

మరల చరిత్రలోకి. 1955లో క్రైస్లర్, ఫిల్కో సంస్థలు కలిసి పూర్తిగా ట్రాన్సిస్టర్లతో నడిచే కారు రేడియోను ప్రకటించాయి. ట్రాన్సిస్టరుకు వందల వోల్టులు అక్కరలేదు, కారు బ్యాటరీ చాలు. క్రమంగా వైబ్రేటర్ నాలుక మూగబోయింది. రేడియో చిన్నదయింది, చౌక అయింది, వేయగానే పలికింది.

తరువాత తమకు కావలసిన పాటను తామే వెంట తీసుకుపోవాలనే తపన మొదలయింది. 1956 కార్లలో క్రైస్లర్ వారు ఏకంగా గ్రామఫోనునే పెట్టి చూశారు. నిమిషానికి 16 చుట్లకు కాస్త పైన తిరిగే ప్రత్యేకమైన పళ్ళేలు అవి. గతుకుల దారిలో ముల్లు నిలుస్తుందా? ఎంతోకాలం సాగలేదు. ఇందాక చెప్పిన విలియం లియర్ 1960లలో ఎనిమిది బాటల టేపు పెట్టెను రూపొందిస్తే, ఫోర్డు వారు 1966 నమూనా కార్లలో దానిని అందించారు. ఫిలిప్స్ వారు 1963లో ప్రదర్శించిన చిన్న కాసెట్టు 1968లో కారెక్కింది. 1984లో కాంపాక్ట్ డిస్కు ఎక్కింది. మన దేశంలో 1980లలో కాసెట్టు విప్లవం వచ్చినప్పుడు లారీలు, టాక్సీలు, ఆటోలు అన్నీ పాటలు నేర్చాయి.

ఆ విప్లవంలోనే నేను ఒక తప్పు చేశాను.

మా నాన్నగారికి ఒక వాల్వు రేడియో ఉండేది. చెక్క పెట్టె, ముందు భాగంలో జరీ వంటి గుడ్డ. తెల్లవారుజామున స్విచ్చి వేసి, అది వేడెక్కేదాకా ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడేవారు. విజయవాడ కేంద్రం నుండి భక్తిరంజని మొదలయ్యేది. 1986లో అందులోని వాల్వు ఒకటి పోయింది. నాకప్పుడు ఇరవైయెనిమిదేళ్ళు, కొత్తగా ఉద్యోగం, చేతిలో నాలుగు రూకలు. వాల్వు కోసం తిరగడమెందుకని, లోపలి సరంజామా అంతా తీసివేయించి ట్రాన్సిస్టరు పలకా, కాసెట్టు యంత్రమూ పెట్టించాను. బాగుచేసినవాడి తప్పేమీ లేదు, నేను చెప్పినదే చేశాడు. పెట్టె అదే, గుడ్డ అదే. నాన్నగారు ఒకసారి విన్నారు. “బాగుందిరా” అన్నారు. ఆ తరువాత ఆయన దానిని ఎప్పుడూ స్వయంగా వేయలేదు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. పోయిన వాల్వు ఒక్కటే. మార్చవలసిందీ ఆ ఒక్కటే. నేను పెట్టెను ఉంచి గొంతును పారవేశాను. వాల్వుల మెత్తని కంఠంలో ఇరవై ఏళ్ళుగా ఆయనకు అలవాటైన తెల్లవారుజాము మా ఇంట్లో మరి వినపడలేదు.

దుకాణంలో కుర్రవాడు “పీకేద్దాం సార్” అన్నప్పుడు నాకు వినిపించింది ఆ “బాగుందిరా”.

* * *

ఇక అసలు ప్రశ్న. తెరపి బండిలో పాట ఎందుకు వినపడదు?

1983లో జనరల్ మోటార్స్ సంస్థ తన కొన్ని ఖరీదైన కార్లలో బోస్ వారి సంగీత వ్యవస్థను ప్రవేశపెట్టింది. ఆయా కారు లోపలి ఆకారాన్ని, సీట్ల గుడ్డను, అద్దాలను లెక్కలోనికి తీసుకుని స్వరాలను సరిదిద్దడం అందులోని విశేషం. కంపెనీ బిగించిన సంగీతం నాసిరకమన్న అపప్రథ అక్కడి నుండి తగ్గసాగింది. ఆ లెక్కకు పునాది మూసిన గది. మూసిన కారులో మంద్రస్వరాలకు గోడలే సాయం చేస్తాయి. ఆ కొద్దిపాటి చోటులో గాలి అంతా ఒక్కటిగా కదలడం వలన, చిన్న స్పీకరు కూడా పెద్దదాని వలె పలుకుతుంది. కప్పు తీయగానే ఆ సాయం పోతుంది. బయలులో శబ్దం, దూరం రెట్టింపయిన ప్రతిసారీ, ఆరు డెసిబెల్లు తగ్గుతుంది. దానికి తోడు గాలి హోరు. ఆ హోరులో బలమంతా క్రింది స్వరాలలోనే ఉంటుంది కనుక అది మొదట మృదంగాన్ని మింగుతుంది. వేగం పెరిగితే మాటనూ మింగుతుంది.

దీనికి అందరూ చెప్పే మందు ‘వాట్లు పెంచు’ అని. లెక్క చూడండి. శబ్దం మూడు డెసిబెల్లు పెరగాలంటే వాట్లు రెట్టింపు కావాలి. చెవికి రెట్టింపుగా తోచాలంటే పది డెసిబెల్లు, అంటే పదింతల వాట్లు కావాలి. మరి హెడ్ యూనిట్‌లో ఎన్ని వాట్లుంటాయి? అట్టపెట్టె మీద 50 వాట్లు, నాలుగు దారులని ఉంటుంది. ఇంజను నడుస్తుండగా కారులో దొరికేది 14.4 వోల్టులు. 4 ఓమ్‌ల స్పీకరుకు పూర్తిగా వికటించిన చదరపు తరంగాన్ని పంపితే వచ్చేది 14.4ను 14.4తో హెచ్చవేసి నాలుగుతో భాగిస్తే వచ్చే సుమారు 52 వాట్లు. అట్ట మీది సంఖ్య అది. స్వచ్ఛమైన స్వరానికి దానిలో సగం, నష్టాలు పోను పద్ధెనిమిది, ఇరవై వాట్లు. ఎంత గొప్ప కంపెనీదైనా, బ్యాటరీ వోల్టేజి మీదనే నేరుగా ఆధారపడినంతకాలం ఈ గీత దాటలేదు. అంటే దుకాణంవాడు చెప్పినట్లు పాత తెర పీకి కొత్త తెర పెడితే తెర పెద్దదవుతుంది. పాట మాత్రం అక్కడే ఉంటుంది!

ఆ గీతను దాటించేది విడిగా పెట్టే ఆంప్లిఫైయరు. అది చేసే మొదటి పని ఏమిటో తెలుసునా? బ్యాటరీ ప్రవాహాన్ని ముక్కలు చేసి, ట్రాన్స్‌ఫార్మరు గుండా పంపి, వోల్టేజి పెంచడం. అవును, 1930ల నాటి ఆ తుమ్మెద నాలుక చేసిన పనే. లోహపు నాలుకకు బదులు ఇప్పుడు ట్రాన్సిస్టర్లు సెకనుకు వేలాదిసార్లు ఆ కోత కోస్తాయి. వోల్టేజి ధన, ఋణ దిశలలో 28 దాకా పెరిగిందంటే, అదే 4 ఓమ్‌ల స్పీకరుకు సుమారు 98 స్వచ్ఛమైన వాట్లు అందుతాయి. ఈ పోలిక కనబడిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పోయిందనుకున్న పాత ఉపాయం సీటు క్రింద కూర్చుని పనిచేస్తూనే ఉన్నది.

కంపెనీ పెట్టెను ఉంచడానికి మరికొన్ని కారణాలు కూడా దొరికాయి. థార్‌లోని ఆ తెర నీటి తుంపరలకు తట్టుకునేలా చేసినది. కప్పులేని బండికి అది అవసరం. బయట కొనే తెరలన్నింటికీ ఆ గుణం ఉండదు. పైగా బండి ఎంత వాలింది, చక్రాలలో గాలి ఎంత ఉన్నది వంటి వివరాలు చూపేదీ అదే. దానిని పీకితే పాటతోబాటు బండి తన సంగతి తాను చెప్పుకునే నోరు కూడా పోతుంది.

* * *

చివరకు చేయించిన పని ఇది. ఎవరికైనా ఉపయోగపడవచ్చునని వివరంగా వ్రాస్తున్నాను.

మొదట, బావగారి మాట ప్రకారం గొంతు మార్చాం. కమ్మీ మీది స్పీకర్ల స్థానంలో పడవలలో వాడే జాతి స్పీకర్లు పెట్టాం. కాగితపు శంకువుకు బదులు ప్లాస్టిక్ శంకువు, చుట్టూ రబ్బరు అంచు. తడికి ఉబ్బవు, ఎండకు పెళుసెక్కవు. కొనేటప్పుడు వాట్లు చూడలేదు, ఒక వాటుకు ఎంత శబ్దం ఇస్తుందన్న సంఖ్య చూశాం. ఆ సంఖ్య 87 ఉన్నదానికి బదులు 90 ఉన్నది తీసుకుంటే వాట్లు రెట్టింపు చేసినట్లే.

రెండవది, వైర్లు కోయలేదు. హెడ్ యూనిట్ నుండి స్పీకర్లకు పోయే దారిలోనే, కప్లర్‌కు కప్లర్ సరిపోయే జత వైర్లతో సంకేతం తీసుకున్నాం. స్పీకరుకు పోయే సంకేతాన్నే నేరుగా అందుకునే ఆంప్లిఫైయర్లు ఉన్నాయి. ఇక్కడొక జాగ్రత్త: ఈ కాలపు హెడ్ యూనిట్లలో స్పీకరు వైర్లు రెండింటిలోనూ సంకేతం ఉంటుంది. వాటిలో దేనినీ బండి ఒంటికి, అంటే ఎర్తుకు, కలపరాదు. కలిపితే కంపెనీ పెట్టె కాలిపోవచ్చు.

మూడవది, ఆంప్లిఫైయరుకు బ్యాటరీ నుండి వేరే లావుపాటి తీగ. బ్యాటరీకి మూర దూరంలోపే ఫ్యూజు. ఎర్తు తీగ పొట్టిగా, రంగు గీకిన ఇనుము మీద గట్టిగా. ఇది వదులుగా ఉంటే ఇంజను వేగంతోబాటు స్పీకర్లలో ఈల వినపడుతుంది. ఆంప్లిఫైయరును నీరు నిలిచే నేల మీద కాక, ఎత్తుగా బిగించాం.

నాలుగవది, చిన్న స్పీకర్లకు మంద్రస్వరం పంపడం మానివేశాం. సుమారు 90 హెర్ట్జ్‌కు దిగువనున్నదంతా వెనుక మూలన పెట్టిన ఒక చిన్న మూసిన బేస్ పెట్టెకు పంపాం. బరువు దిగిన చిన్న స్పీకర్లు మాటను స్పష్టంగా పలికాయి.

అయిదవది, హద్దు. 85 డెసిబెల్ల శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలకు మించి వినరాదనీ, ఆపైన ప్రతి మూడు డెసిబెల్లకూ ఆ కాలం సగానికి తగ్గుతుందనీ అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ సిఫారసు. అంటే 94 వద్ద ఒక్క గంట. మా బావగారి కుడిచెవి ఈ లెక్కకు మా ఇంటి సాక్ష్యం. కనుక ఎనభై కిలోమీటర్ల వేగంలో కప్పు తీసి పాట వినాలన్న కోరికను మావాడిచేత మాన్పించాను. యాభై దాకా పాట, ఆపైన గాలి. కూడలిలో బండి ఆగితే శబ్దం తగ్గించాలి. మన జీపు ఊరికి వినిపించే ఉద్యోగం మానేసింది కదా!

* * *

మల్లినాథుని దగ్గరకు వస్తానన్నాను. మెదకు సీమలోని కొలిచెలమ ఊరి పేరు ఇంటిపేరుగా గల ఆ మహావ్యాఖ్యాత కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య వ్రాస్తూ, మూలంలో లేనిది వ్రాయనని నియమం పెట్టుకున్నాడు. కావ్యం అర్థం కాకపోతే అది కావ్యం దోషమనుకోలేదు, దానిని తిరగ వ్రాయలేదు. మూలాన్ని ఉన్నచోటనే ఉంచి, దాని ప్రక్కన నిలబడి, దాని గొంతు మనకు అందేటట్లు చేశాడు. విద్యార్థులకు ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. చెప్పినవాణ్ణే 1986లో మా నాన్నగారి రేడియో దగ్గర మరచిపోయాను.

పని పూర్తయిన ఆదివారం సాయంత్రం బావగారిని తీసుకుని బాపట్ల నుండి సూర్యలంక దారిన పోయాం. కప్పు తీశాం. మావాడు నలభై అయిదు దాటకుండా నడుపుతున్నాడు. బావగారు ముందు సీటులో ఎడమవైపు, మంచి చెవి దారి వైపుకు, పనికిరాని చెవి బండి వైపుకు. ఘంటసాల పాట ఒకటి వేశాం. రెండు చరణాలు అయిపోయాయి. ఆయన ఏమీ అనలేదు. వినపడలేదేమోనని ముందుకు వంగి శబ్దం పెంచబోయాను. చెయ్యి పట్టుకుని ఆపారు.

“వద్దోయ్. మాట వినపడుతోంది.”

ఇంటికి వచ్చాక అటక మీది చెక్క పెట్టెను దించి దుమ్ము తుడిచాను. లోపల ఇంకా 1986 నాటి కాసెట్టు యంత్రమే ఉన్నది. పాత వాల్వులు సంపాదించి, లోపలి సరంజామాను మరల కూర్చగలవారు మీ ఎరుకలో ఎవరైనా ఉంటే వ్యాఖ్యలలో తెలుపగలరు. ఖర్చు ఎంతైనా ఫరవాలేదు. అలాగే మీ ఊరి ప్రచారపు జీపుల జ్ఞాపకాలు ఉంటే అవి కూడా వ్రాయండి, బావగారికి చదివి వినిపిస్తాను. ఎడమచెవి దగ్గర.

స్వస్తి.